పాత ఒమేగాకు విడిభాగాల వేట, కొత్త బెల్టు: నా అనుభవం

మా పెదనాన్నగారి ఒమేగా సీమాస్టర్ చేతి గడియారం నా చేతికి వచ్చేనాటికి ఆగిపోలేదు గానీ, ఆగిపోయే దారిలో ఉంది. రోజుకు నాలుగైదు నిమిషాలు వెనకబడేది. చెయ్యి ఊపినప్పుడల్లా లోపల లోహం లోహాన్ని గీస్తున్న చప్పుడు వినిపించేది. గ్లాసు అంచుల వెంట సన్నని నెర్రెలు విచ్చాయి, క్రౌన్ (పక్కన ఉండే కీ తిప్పే మర) వేళ్ళకు పట్టు దొరకనంతగా అరిగిపోయింది, బెల్టు సంగతి చెప్పనే అక్కరలేదు. సరుకు ఓడల్లో ఇంజనీరుగా పనిచేసిన రోజుల్లో ఆయన దాన్ని సింగపూర్‌లో కొన్నారు. ఆ తర్వాత విశాఖపట్నంలో ఎవరెవరి చేత బాగు చేయించారో ఆయనకే గుర్తు లేదు. నేను దాన్ని రోజూ పెట్టుకునే స్థితికి తేవాలనుకున్నాను. డయల్‌నూ ముళ్ళనూ మాత్రం ఎవరూ ముట్టుకోకూడదన్నది నా షరతు.

కంపెనీ సర్వీసుకు ఇస్తే విడిభాగాల బెడద ఉండదు. అయితే పని పూర్తయ్యాక గడియారానికి పూచీ ఇవ్వవలసిన చోట, అరిగినవాటితో పాటు పాతబడినవాటిని కూడా మార్చేయడమే సహజమైన పద్ధతి. నాకు కావలసింది అందుకు భిన్నం. తప్పనిసరైనవి మార్చి, తక్కినవి ఉన్నవి ఉన్నట్టు ఉంచాలి. ఆ పని స్వతంత్రంగా పనిచేసే మెకానిక్ దగ్గరే జరుగుతుంది, కానీ అక్కడ విడిభాగాలు తెచ్చిపెట్టే బాధ్యత చాలావరకు గడియారం యజమాని మీదే పడుతుంది.

హైదరాబాద్ అబిడ్స్ ప్రాంతంలో చిన్న గదిలో పనిచేసే ఒక పెద్దాయన దగ్గరికి మిత్రుడొకరు పంపారు. ఆయన చిన్నతనంలో పని నేర్చుకున్నది హెచ్‌ఎంటీ గడియారాల మీద. 1961లో సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో మొదలైన ఆ ఫ్యాక్టరీ గడియారాలు ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉండేవి కనుక, వాటి చక్రాలు, ఇరుసులు, స్ప్రింగులు ఆయన బల్ల సొరుగుల్లో ఇప్పటికీ డబ్బాల కొద్దీ ఉన్నాయి. ఒమేగావి మాత్రం చిటికెడు కూడా లేవు. వెనక మూత తీసి, కంటికి లూప్ (చిన్న భూతద్దం) బిగించుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా చూశారు. "మిషన్ మంచిగనే ఉంది సార్. కానీ ఇంతకు ముందు ఎవరో చెయ్యి పెట్టిండ్రు, స్క్రూల తలలు చూడుండ్రి" అన్నారు. చూస్తే నిజమే, రెండు స్క్రూల గాడులు సరిపడని స్క్రూడ్రైవరుతో తిప్పినందువల్ల చెదిరిపోయి ఉన్నాయి.

ఏ విడిభాగం కొనాలన్నా ముందు గడియారం ఏదో తేలాలి. పేరు చూసి కొనడానికి లేదు, ఎందుకంటే సీమాస్టర్ అన్న పేరు 1948 నుంచి ఎన్నో రకాల కేసుల (బయటి లోహపు డొల్లల) మీద, ఎన్నో రకాల మిషన్ల (లోపలి యంత్రాల) మీద ఉంది. మూత లోపలి వైపు 166తో మొదలయ్యే కేసు సంఖ్య ఉంది. స్వయంగా కీ ఎక్కించుకునే, తేదీ చూపించే మగవారి గడియారాలకు ఆ రోజుల్లో ఒమేగా వాడిన వరుస అది. రాగి రంగు పూత ఉన్న మిషన్ వంతెన (చక్రాలను పట్టి ఉంచే పలక) మీద 565 అని చెక్కి ఉంది. ఇది 1966లో వచ్చిన క్యాలిబర్ (మిషన్ నమూనా): 24 రాళ్ళు (ఇరుసులు తిరిగే కెంపు గుంటల వంటివి), గంటకు 19,800 సార్లు కొట్టుకునే వేగం, క్రౌన్‌ను పూర్తిగా బయటికి లాగిన ప్రతిసారీ తేదీ ఒక రోజు ముందుకు దూకే ఏర్పాటు. అంతకు ముందున్న 562లో ఈ సౌకర్యం లేదు, తేదీ మార్చాలంటే ముళ్ళను అర్ధరాత్రి అటూ ఇటూ తిప్పుతూ కూర్చోవాలి. ఈ రెండు సంఖ్యలనూ, మిషన్ మీది వరుస సంఖ్యనూ కాగితం మీద రాసుకుని, ఫొటోలు తీసుకున్నాకే అసలు పని మొదలైంది.

మిషన్ విప్పాక తేలిన జాబితా పొడవుగా లేదు గానీ, చిక్కుగా ఉంది. లోపలి నూనె పూర్తిగా ఎండి జిగురైంది, దానికి శుభ్రపరచడమే మందు. మెయిన్‌స్ప్రింగ్ (గడియారాన్ని నడిపే చుట్ట స్ప్రింగు) బలం తగ్గి, విప్పి బల్ల మీద పెడితే ఎస్ ఆకారంలో విచ్చుకోవలసింది చుట్టలాగే ముడుచుకుని ఉండిపోయింది. గీసుకుంటున్న చప్పుడుకు కారణం రోటర్. చెయ్యి కదిలినప్పుడు తిరిగి స్ప్రింగుకు కీ ఎక్కించే ఆ అర్ధచంద్రాకారపు బరువు తన ఇరుసు మీద వదులై, ఒక పక్కకు వాలి, మూత లోపలి వైపును తాకుతోంది. మూత మీద విల్లు ఆకారంలో మెరుస్తున్న గీత కనిపించింది. ఈ కుటుంబపు మిషన్లలో తరచుగా కనిపించే లోపం ఇదేనని ఆయన చెప్పారు. వీటికి తోడు కొత్త గ్లాసు, క్రౌన్, దాని కాడ, మూత కింది రబ్బరు గాస్కెట్ కావాలి.

పాతకాలంలో ఇవన్నీ ఊళ్ళో టోకు దుకాణంలో అడిగితే దొరికేవట. ఒమేగా స్వాచ్ గ్రూప్‌లో భాగం. ఆ గ్రూప్ 2015 చివరి నుంచి టోకు వ్యాపారులకు విడిభాగాలు ఇవ్వడం మానేసింది. తమ నియమాలకు ఒప్పుకుని, తాము చెప్పిన పరికరాలు కొని, గుర్తింపు పొందిన మరమ్మతుదారులకే ఇస్తుంది. రోలెక్స్ మరింత కట్టుదిట్టం. స్విస్ కంపెనీల ఈ పద్ధతి మీద ఐరోపా మరమ్మతుదారుల సమాఖ్య చేసిన ఫిర్యాదును యూరోపియన్ కమిషన్ 2014లో తోసిపుచ్చింది, 2017లో న్యాయస్థానం కూడా కమిషన్ నిర్ణయాన్నే సమర్థించింది. గడియారం నాణ్యతను కాపాడుకునే హక్కు కంపెనీకి ఉందన్న వాదనలో కొంత నిజం ఉంది. కానీ అరవై ఏళ్ళ నాటి కాడ ఒకటి సామాన్య మెకానిక్ కొనుక్కోలేకపోవడం వల్ల ఎవరి నాణ్యత ఎలా పెరుగుతుందో నాకు అర్థం కాలేదు. ఏమైతేనేం, నాలాంటివాడికి మిగిలిన దారులు మూడు: 2015కు ముందు కొని పెట్టుకున్న పాత నిల్వలు, దుకాణం మూసేసిన మరమ్మతుదారుల సొరుగులు, అదే మిషన్ ఉన్న చెడిపోయిన గడియారాలు. ఇవి కాక, వేరే కంపెనీలు అదే కొలతతో చేసే మామూలు విడిభాగాలు ఉంటాయి.

ఈ వెతుకులాటలో నాకు బాగా ఉపయోగపడినది ఒమేగా సంఖ్యల పద్ధతి. విడిభాగం సంఖ్యలో ముందు క్యాలిబర్, తర్వాత ఆ భాగానికి కేటాయించిన అంకెలు ఉంటాయి. 1106 అంటే క్రౌన్ కాడ, 1327 అంటే పూర్తి బ్యాలెన్స్ చక్రం, అటూ ఇటూ ఊగుతూ గడియారం వేగాన్ని నిర్ణయించేది. ఒకే కుటుంబానికి చెందిన మిషన్లలో ఉమ్మడిగా వాడే భాగానికి ఆ కుటుంబంలో మొదట వచ్చిన క్యాలిబర్ పేరే ఉండిపోతుంది. కాబట్టి 565 అని వెతికితే తేదీ మార్చే భాగాల వంటి కొన్నే కనిపిస్తాయి, 550 అని వెతికితే తలుపు తెరుచుకుంటుంది. తేదీ లేని 550, 552 మిషన్లూ, తేదీ ఉన్న 562, 565 మిషన్లూ రోటర్‌కు సంబంధించిన యంత్రాంగాన్ని చాలావరకు పంచుకుంటాయి. పొట్లం మీద 550 అని ఉంటే "ఇది నా గడియారానిది కాదు" అని పక్కన పెట్టేసేవారు చాలామంది ఉంటారు కనుక, ధర కూడా కాస్త అందుబాటులో ఉంటుంది. ఈటీఏ వంటి తయారీదారుల మిషన్లకు ఇంకో రకం సంఖ్యలు: కాడ 401, ఎస్కేప్ చక్రం 705, ఆ చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున వదిలే ప్యాలెట్ ఫోర్క్ 710. అమ్మేవారు ఈ రెండు పద్ధతులనూ కలిపేసి రాస్తుంటారు, అందువల్ల పొట్లం ఫొటో పంపమని అడగకుండా నేను ఏదీ కొనలేదు.

మెయిన్‌స్ప్రింగ్ విషయంలో అసలుదే కావాలన్న పట్టుదల నాకు లేదు. దాన్ని పేరుతో కన్నా కొలతలతో కొనడం మేలు: వెడల్పు, మందం, పొడవు, అది ఇమిడే బ్యారెల్ లోపలి వ్యాసం. వీటిలో మందాన్ని ఏమాత్రం అటూ ఇటూ చేయకూడదు. మందం పదో వంతు పెరిగితే స్ప్రింగు బలం మూడో వంతు పెరుగుతుంది, ఎందుకంటే బలం మందపు ఘనాన్ని అనుసరించి మారుతుంది. బలం ఎక్కువైతే బ్యాలెన్స్ చక్రం తన హద్దు దాటి ఊగి, ప్యాలెట్ ఫోర్క్ కొమ్మును అవతలి వైపు నుంచి తడుతుంది, గడియారం రోజుకు అనేక నిమిషాలు ముందుకు పరిగెత్తుతుంది. పాత స్ప్రింగును ఆయన మైక్రోమీటరుతో నూరో వంతు మిల్లీమీటరు వరకు కొలిచి, ఆ అంకెలను పట్టికలో చూసుకున్నాకే నేను కొత్తది తెప్పించాను. స్వయంగా కీ ఎక్కే గడియారం కనుక దాని చివర జారే పట్టీ ఉన్న రకమే కావాలి. ఆ పట్టీ లేని స్ప్రింగు వేస్తే, నిండిపోయాక కూడా రోటర్ దాన్ని బిగిస్తూనే పోయి ఎక్కడో ఒకచోట తెంపుతుంది.

రోటర్ ఇరుసుకు విడి భాగంగా సంతృప్తికరమైనది దొరకలేదు. దొరికినవి కొన్ని వాడి తీసినవే, వాటి అరుగుదల మనదానికన్నా తక్కువన్న నమ్మకం లేదు. చివరికి తేదీ లేని 552 మిషన్ ఒకటి, ముళ్ళు, డయల్, కేసు ఏమీ లేకుండా, మూసేసిన దుకాణపు సరుకుగా ఐరోపాలో అమ్మకానికి వచ్చింది. బ్యాలెన్స్ ఇరుసు విరిగి ఉండడం వల్ల తక్కువ ధరకే పెట్టారు. నాకు బ్యాలెన్స్‌తో పని లేదు. రోటర్‌ను పక్క నుంచి తీసిన దగ్గరి ఫొటో, మీద గీతలు ఉన్నాయో లేదో తెలిసేలా వెలుగు వాలుగా పడే మరో ఫొటో అడిగి తెప్పించుకున్నాను. రోటర్ అంచు మెరుగు చెదరలేదంటే అది మూతను రాసుకోలేదని అర్థం. ఆ ఒక్క గుర్తును చూసే డబ్బు కట్టాను.

విదేశాల నుంచి తెప్పించేటప్పుడు కస్టమ్స్ కాగితాల సంగతి తెలిసి ఉండడం మంచిది. గడియారాలకు సంబంధించినవన్నీ సుంకాల పట్టికలో 91వ అధ్యాయంలో ఉంటాయి. కూర్చిన మిషన్ 9108 కింద, బెల్టులు 9113 కింద, ఇతర విడిభాగాలు 9114 కింద వస్తాయి. అమ్మేవారు పొట్లం మీద ఊరికే గడియారం అని రాస్తే, లోపల ఉన్నది విడి మిషన్ అని నిరూపించే భారం మనమీద పడుతుంది. అందుకని బిల్లులో "వాడిన మిషన్, విడిభాగాల కోసం" అని స్పష్టంగా రాయించి, చెల్లించిన మొత్తాన్నే వేయించాను. కానుక అని రాసి పంపుతానన్న అమ్మకందారుకు వద్దని చెప్పాను. కొరియరు వారు గుర్తింపు పత్రాలు అడిగారు, ఇచ్చాను. సుంకం వేశారు, కట్టాను. సుంకం లెక్కలోకి తీసుకోకుండా ధర చౌక అనుకోవడం ఉత్త భ్రమ.

గ్లాసుకు మాత్రం అసలుదే కావాలని పట్టుబట్టాను. ఆ కాలపు ఒమేగాలకు ఉన్నది నిజమైన గాజు కాదు, యాక్రిలిక్. దాని లోపలి అంచున లోహపు ఉంగరం ఉంటుంది. అదే గ్లాసును కేసుకు బిగించి పట్టి, డయల్ చుట్టూ మెరిసే వలయంలా కూడా కనిపిస్తుంది. వేరే కంపెనీల గ్లాసులు సరైన కొలతలో దొరుకుతాయి, వాటిలో జర్మనీలోని స్టెర్న్‌క్రోయిజ్ వంటివారివి నాణ్యమైనవే. కానీ అసలు ఒమేగా గ్లాసు నట్టనడుమ కంటికి ఆననంత చిన్న ఒమేగా గుర్తు ఉంటుంది. లూప్ పెట్టి, గడియారాన్ని వెలుగుకు వాలుగా పట్టుకుంటే, ముళ్ళు కలిసే చోటికి సరిగ్గా పైన అది కనిపిస్తుంది. మా పెదనాన్నగారి గ్లాసు మీద అది ఉంది, కాబట్టి విశాఖపట్నంలో ఎవరూ దాన్ని మార్చలేదని తేలింది. పాత నిల్వలో దొరికిన పొట్లాన్ని కొన్నాను. పొట్లం మీది సంఖ్య సరిపోయినా, మెకానిక్ వెర్నియర్‌తో కేసు గాడిని కొలిచి, గ్లాసు వ్యాసాన్ని కొలిచి, పదో వంతు మిల్లీమీటరు తేడా కూడా లేదని చూసుకున్నాకే ప్రెస్ కింద పెట్టారు. ఉంగరం ఉన్న గ్లాసును పంజా పరికరంతో నొక్కి ఎక్కించడం కుదరదు, అంచు మీద సమంగా ఒత్తే అచ్చు కావాలి.

డయల్ గురించి వచ్చిన సలహాలకు అంతు లేదు. మాది లేత వెండి రంగు. అంచుల దగ్గర సన్నని మచ్చలు పడి, అంకెల స్థానాల్లో ఉన్న మెరుపు చుక్కలు గోధుమరంగుకు తిరిగాయి. కింద స్విస్ మేడ్ అన్న మాటలకు అటూ ఇటూ చిన్న టీ అక్షరాలు ఉన్నాయి, అంటే ఆ చుక్కల్లో ఉన్నది చీకట్లో వెలిగేలా చేసే రేడియోధార్మిక ట్రిటియం. దాని అర్ధాయుష్షు 12.3 సంవత్సరాలు కనుక ఇప్పటికి నాలుగైదు శాతమే మిగిలి ఉంటుంది, చీకట్లో ఏమీ కనిపించదు. అంతకు ముందు తరంలో వాడిన రేడియం సంగతి వేరు, దాని అర్ధాయుష్షు 1,600 సంవత్సరాలు. చుక్కలు వెలగడం మానేసినా అది అలాగే ఉంటుంది కనుక ఆ డయళ్ళను గీకడం, ఊదడం చేయరాదు. మా డయల్‌ను ముంబయి పంపి కొత్తగా రంగు వేయిస్తే మిలమిలలాడుతుందని ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఆ పని చేసే చేతులు ముంబయిలో నిజంగానే ఉన్నాయి. పాత ఫేవర్-లూబా, హెచ్‌ఎంటీ, సీకో గడియారాలు అక్కడ తిరిగి రంగు వేసుకుని, తయారైనప్పుడు కంపెనీ ఎన్నడూ వేయని నీలాలు, ఎరుపులు, నారింజలు పూసుకుని వస్తుంటాయి. ఐదు వందల రూపాయల సరదా గడియారానికి అందులో తప్పు లేదు. కానీ ఇలాంటి గడియారం డయల్ మీద అక్షరం మందం మారినా, చిన్న గీత వంకర పోయినా, దాని చరిత్ర అక్కడితో తెగిపోతుంది. తిరిగి తెచ్చుకునే మార్గం లేదు.

ఈ విషయంలో పెద్దలే బోల్తా పడిన ఉదంతం ఒకటుంది. 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ వేలంలో ఒమేగా స్పీడ్‌మాస్టర్ తొలితరం గడియారం ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. కొన్నది ఒమేగా మ్యూజియమే. 2023లో అది వేర్వేరు గడియారాల భాగాలతో కూర్చినదని బయటపడింది, తమ మాజీ ఉద్యోగులకే అందులో పాత్ర ఉందని కంపెనీ ప్రకటించింది. విడిగా చూస్తే ఒక్కో భాగం నమ్మదగ్గదిగా ఉంటుంది, మొత్తంగా కలిపితే అబద్ధమవుతుంది. సేకరణదారులు ఇలాంటివాటిని ఫ్రాంకెన్ గడియారాలంటారు. 552 నుంచి తీసిన రోటర్ ఇరుసును 565లో వేయడం కూడా ఒక రకంగా అదే కదా అని నన్నడిగినవారు ఉన్నారు. కంపెనీ ఏ భాగాన్ని రెండు మిషన్లకూ ఉమ్మడిగా ఇచ్చిందో ఆ భాగాన్ని, రాసి పెట్టుకుని మార్చడం మరమ్మతు. లేనిదాన్ని ఉన్నట్టు చూపడానికి మార్చడం మోసం. నాకు ఇందులో సందేహం లేదు.

క్రౌన్ దగ్గరే నిజమైన తకరారు వచ్చింది. ఒమేగా గుర్తు ఉన్న క్రౌన్లు కొత్తవి, చవకవి ఎన్నైనా దొరుకుతాయి. వాటిలో చాలావరకు కంపెనీతో సంబంధం లేనివే. గుర్తు అంచులు మొద్దుగా, అడుగు వెడల్పుగా, పోత పోసినట్టు ఉంటాయి. పక్కన గాడుల సంఖ్య కూడా పాత ఫొటోలతో సరిపోదు. అసలైనది దొరికేదాకా గుర్తు లేని మామూలు క్రౌన్ వేయమన్నాను. దొంగ గుర్తు కన్నా ఏ గుర్తూ లేకపోవడం నయం. దాని లోపలి మరల కొలత కాడకు సరిపోవాలి, లోపలి గాస్కెట్ కేసు గొట్టానికి సరిపోవాలి, ఎత్తు చేతికి గుచ్చుకోకూడదు. ఈ మూడూ కుదిరినది ఆయన సొరుగులోనే ఒకటి దొరికింది. కాడ మాత్రం 1106 అని ఉన్న పాత పొట్లంలోది, కావలసిన పొడవుకు కోసి, చివర ఆకురాయితో నున్నగా చేసి బిగించారు.

అన్నీ చేరాక కూర్పు రోజున పక్కన కూర్చుని చూడనిచ్చారు. ఫ్యాను ఆపేశారు. శుభ్రపరిచిన చక్రాలు మూత ఉన్న గాజు గిన్నెల్లో వరసగా ఉన్నాయి. నూనెలు మూడు రకాలు. వేగంగా తిరిగే సన్నని ఇరుసులకు మోబియస్ 9010, నెమ్మదిగా బరువు మోసేవాటికి చిక్కనైన హెచ్‌పీ 1300, ప్యాలెట్ రాళ్ళకు 9415. సూది మొనకు అంటిన చుక్కను రాయి గుంటలో తాకించి తీసేయడమే, ఒక్క చుక్క ఎక్కువైతే అది పాకి పక్క భాగాలకు అంటుకుంటుంది. 552 నుంచి తీసిన ఇరుసునూ మా గడియారపు ఇరుసునూ తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి లూప్ నాకిచ్చారు. మాదాని మెడ దగ్గర, ఒక వైపు మాత్రమే, గోటితో నొక్కినట్టు పలచబడి ఉంది. రెండోది నిండుగా గుండ్రంగా ఉంది. కొత్తది బిగించి రోటర్ అంచును పట్టకారుతో మెల్లగా పైకీ కిందికీ కదిపి చూశారు. కదలలేదు.

గడియారం చప్పుడు విని వేగాన్ని కొలిచే టైమింగ్ యంత్రం మీద పెట్టే ముందు ఆయన ఒక అంకె మార్చారు. చౌకగా దొరికే చైనా యంత్రాలు తమ లెక్కకు వాడే లిఫ్ట్ కోణాన్ని (ఫోర్క్‌ను తాకుతూ బ్యాలెన్స్ తిరిగే కోణం) 52 డిగ్రీలుగా పెట్టుకుని వస్తాయి, ఈ కుటుంబపు మిషన్లకు అది 49. మార్చకపోతే బ్యాలెన్స్ ఎంత విస్తారంగా ఊగుతోందో చెప్పే ఆంప్లిట్యూడ్ అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది, సర్వీసు బాగా కుదిరిందని మనం మురిసిపోతాం. సర్వీసుకు ముందు రెండు వందల డిగ్రీల దగ్గర తూలుతున్నది, నిండా కీ ఇచ్చి డయల్ పైకి పెట్టినప్పుడు 280 దాటింది. రోజుకు ఆరేడు సెకన్లు ముందు. ఈ తేడాను ఇంకా తగ్గించాలా అని అడిగారు, వద్దన్నాను.

మార్పులు చేసుకునే సరదా ఉన్నవారికి ఈ దారి తగదని ఇక్కడ చెప్పాలి. మా మేనల్లుడు సీకో ఎన్‌హెచ్35 మిషన్ కొని, తన ఇష్టం వచ్చిన కేసు, డయల్, ముళ్ళతో డైవర్ గడియారం ఒకటి సొంతంగా కూర్చుకున్నాడు. ఆ మిషన్‌కు 28.5 మిల్లీమీటర్ల డయల్ అని స్థిరపడిపోయింది, ముళ్ళ రంధ్రాల కొలతలు అందరికీ తెలుసు, క్రౌన్ మూడు గంటల దగ్గరుందా నాలుగు దగ్గరుందా అన్నదాన్ని బట్టి డయల్ వెనక ఉండే కాళ్ళు చూసుకుంటే చాలు. అన్నీ కొత్తవి, అన్నీ మళ్ళీ దొరుకుతాయి, పాడైతే మిషన్‌నే మార్చేయవచ్చు. నేర్చుకోవడానికి అంతకన్నా మంచి బడి లేదు. ఖరీదైన పాత గడియారం మీద ఆ ప్రయోగాలు చేయకూడదు. దాని మీద మనసారా మార్చుకోదగ్గది బెల్టు ఒక్కటే.

బెల్టు కోసం మొదట ఎలిగేటర్ తోలు చూశాను. ఆ కాలపు గడియారం మీద అది ఎంతో హుందాగా ఉంటుంది. కానీ అమెరికా ఎలిగేటర్, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్న జంతువు, దాని తోలుతో చేసిన వస్తువు దేశం దాటాలంటే అనుమతి పత్రం కావాలి. 2022లో సవరించిన మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలోకి కూడా ఆ ఒప్పందపు జాబితాలు చేరాయి. పత్రాలు లేకుండా మామూలు పొట్లంలో పంపిస్తానన్న అమ్మకందారుల మాట వింటే బెల్టు పోవడమే కాక, చిక్కుల్లో పడతాం. దూడ తోలు మీద మొసలి పొలుసుల అచ్చు వేసినవి చట్టానికి ఇబ్బంది లేనివే గానీ, నా కంటికి ఆనలేదు.

అప్పుడు తంగేడు తోలు గుర్తుకొచ్చింది. తమిళనాడులో తిరుచిరాపల్లి, దిండిగల్లు ప్రాంతాల్లో ఆవు, గేదె, మేక తోళ్ళను తంగేడు బెరడుతో పదును చేసి, కరక్కాయతో ముగించే పాత పద్ధతి ఉంది. ఈస్టిండియా తోలు పేరుతో అది విదేశాలకు ఎగుమతయ్యేది, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మన బతుకమ్మలో పేర్చే తంగేడే అది. ఇప్పుడు చాలాచోట్ల తంగేడు బెరడుకు బదులు వాటిల్ (ఒక రకం తుమ్మ) సారం వాడుతున్నారు, అయినా క్రోమియం లవణాలతో చేసిన తోలుకూ దీనికీ తేడా చేత్తో తడిమితే తెలుస్తుంది. ఇది మొదట్లో కాస్త బిరుసుగా, లేత గోధుమరంగులో ఉండి, వాడే కొద్దీ ఎండకు, చెమటకు ముదురుతుంది. నాకు కావలసింది అదే, డయల్ మీది గోధుమరంగు చుక్కల వైపు అది తనంతట తానే నడిచి వస్తుంది.

సికింద్రాబాద్‌లో ఇంట్లోనే తోలు పని చేసే ఒక అమ్మాయి దగ్గర ఆ తోలు ముక్క దొరికింది, కుట్టడానికీ ఒప్పుకుంది. లగ్గుల (బెల్టు బిగించే కేసు కొమ్ముల) మధ్య కొలత 18 మిల్లీమీటర్లు, బకిల్ దగ్గర 16. గడియారాన్ని నా చేతి నుంచి తీసుకుని, స్ప్రింగు పిన్నుకూ కేసుకూ మధ్య సందులో వేర్వేరు మందాల తోలు ముక్కలు దూర్చి చూసింది. "అంకుల్, బయట దొరికే బెల్టులన్నీ ఇక్కడ చాలా లావుగా ఉంటాయి. కేసుని రాసుకుంటూ ఉంటాయి, మీకు తెలియకుండానే స్టీలు అరుగుతుంది" అంది. నిజానికి లగ్గుల లోపలి వైపు అలాంటి రాపిడి గుర్తు అప్పటికే ఉంది. లగ్గుల దగ్గర మూడు మిల్లీమీటర్లకు మించకుండా, కొనకు వచ్చేసరికి రెండుకు తగ్గేలా తోలును లోపలి నుంచి పలచగా చెక్కింది. నా మణికట్టు సన్నం కనుక 115, 75 మిల్లీమీటర్ల మామూలు కొలత కాకుండా 110, 70గా తీసుకుంది. లేకపోతే ఆఖరి రంధ్రం దాకా లాగి పెట్టుకుని, బకిల్ మణికట్టు పక్కకు జరిగిపోతుంది.

లోపలి పొర విషయంలో ఆమె మాటే నెగ్గింది. నేను పైన, కింద అదే తంగేడు తోలు ఉంచుదామన్నాను. హైదరాబాద్ ఎండాకాలంలో చెమట ఆ తోలులోకి ఇంకి, నల్లబడి, వాసన వస్తుందనీ, కింద చెమటను తట్టుకునేలా పూత ఉన్న మెత్తని దూడ తోలు ఉండాలనీ చెప్పింది. మైనం పట్టించిన నార దారంతో, రెండు సూదులతో, ఒకే రంధ్రంలోంచి అటొకటి ఇటొకటి తీసే జీను కుట్టు వేసింది. ఆ కుట్టులో ఒకచోట దారం తెగినా పక్క పోగు పట్టి ఉంచుతుంది, మిషన్ కుట్టు అయితే తెగిన చోటి నుంచి ఊడుతూ పోతుంది. స్ప్రింగు పిన్నులు మాత్రం పాతవి వాడలేదు. కొన మొద్దుబారిన పిన్ను జారితే లక్షన్నర గడియారం నేల మీద పడుతుంది, కొత్త స్విస్ పిన్నుల జత ధర దాని ముందు లెక్కలోకి రాదు. జూన్ దాకా ఈ బెల్టు తీసేసి, నేసిన పెర్లాన్ (ఒక రకం నైలాన్) బెల్టు వేస్తున్నాను. గుడ్డ సందుల్లోంచి గాలి ఆడుతుంది, కడిగితే గంటలో ఆరిపోతుంది.

తీసేసిన పాత భాగాలన్నీ, అంటే ఇరుసు, స్ప్రింగు, నెర్రెలిచ్చిన గ్లాసు, అరిగిన క్రౌన్, వేర్వేరు పొట్లాల్లో పెట్టి, ఏ నెలలో ఎవరి చేత తీయించానో, వాటి బదులు ఏ పొట్లంలోది వేశారో రాసి ఉంచాను. మెకానిక్ మూత లోపల ఏమీ గీకవద్దంటే ఒప్పుకున్నారు. పాతకాలపు వారు అక్కడ సూదితో తమ గుర్తు, తేదీ గీసేవారు, మా దాని మీద అలాంటి గీతలు ఇప్పటికే రెండున్నాయి. సరైన క్రౌన్ కోసం ఇంకా చూస్తూనే ఉన్నాను, ఈ మధ్య ఒకటి కనిపించింది గానీ అమ్మేవారు గాడుల పక్క ఫొటో పంపలేదు. మళ్ళీ సర్వీసు నాలుగైదేళ్ళ తర్వాత. అప్పటికి ధరలు ఎలా ఉంటాయో తెలియదు కనుక ఇంకో మెయిన్‌స్ప్రింగ్, ఇంకో కాడ ఇప్పుడే కొని పెట్టాను. గాస్కెట్లు మాత్రం నిల్వ చేయలేదు. రబ్బరు పెట్టెలో ఉన్నా గట్టిపడుతుంది కాబట్టి వాటిని ఆ సమయానికే తాజాగా తెప్పించుకోవాలి.